ముందు చక్రాలకో న్యాయం, వెనక చక్రాలకో న్యాయం

పిచ్చుకా,

అమ్మ రాస్తోంది. నేను బాగున్నాను, కుట్టుమిషను బాగుంది, కారు మాత్రం బాగాలేదు. నువ్వు బాగున్నావనే అనుకుంటున్నాను. బాగోకపోయినా బాగున్నాననే రాస్తావు, నీ సంగతి నాకు తెలీదా.

సరుకుల వ్యాను అతను నీ ఉత్తరం తెచ్చిచ్చాడు. వానలు మొదలైతే మీ సొరంగం పనివాళ్ల బస్సు ఆపేస్తారని, అన్నయ్య కారు నీకు కావాలని రాశావు. ఆ కొండ మీద ఫోను పలకదని నువ్వు తిట్టుకుంటావు గానీ నాకదే నయం. ఫోనులో నా గొంతు తడబడితే నీకు తెలిసిపోతుంది. కాగితం అయితే లేచి వెళ్లి మొహం కడుక్కొచ్చి, వదిలేసిన మాట దగ్గర మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఇప్పుడు అదే చేశాను.

మీ అన్నయ్య పోయి ఏడాది దాటింది. కారుదేం తప్పు లేదు. పెద్దోడు గుండె ఆగి మంచం మీదే పోయాడు. అయినా నేను షెడ్డు తలుపు తీస్తే చాలు, అదే ఏదో చేసినట్టు తల దించుకుని నిలబడుతుంది. వాడికదంటే ఎంత పిచ్చి! పాతది కొని, ఇంజను విప్పి, మళ్లీ బిగించి, దానికి నాలుగు తలుపులున్నాయన్న మాటే గానీ గుర్రంలా తయారుచేశాడు. చూడ్డానికి గుమాస్తా, పరిగెత్తితే దొంగ. ఒక్కసారి ఎక్కాను, బజారు దాకా. నేను కూర్చుని పైట సర్దుకునేలోపు బజారు వచ్చేసింది.

నువ్వు అడిగావని మెకానిక్కుని పిలిపించాను. మీ అన్నయ్య స్నేహితుడే, వీధిలో అందరూ చూద్దాం మేస్త్రి అంటారే, ఆయన. "కారు నడుస్తుందా నాయనా?" అంటే "చూద్దాం" అన్నాడు. "మా అమ్మాయి దీంట్లో కొండ దిగొచ్చా?" అంటే కిందికి దూరి చూసి వచ్చి, "అమ్మా, ఇంజను పులి, బ్రేకులు పిల్లి. ఊళ్లో తిరగడానికి చాలు. కొండ దిగేటప్పుడు నొక్కీ నొక్కీ వేడెక్కిపోతాయి. ఆ తర్వాత కాలు నేలకి తగులుతుంది గానీ కారు ఆగదు" అన్నాడు. ఎప్పుడూ ఒక్క మాటకి మించి మాట్లాడనివాడు ఇన్ని మాటలు మాట్లాడాడంటే సంగతి చిన్నది కాదు.

కాబట్టి విను. పెద్ద బ్రేకులు వేయించేదాకా ఆ కారు గడప దాటదు. ఉన్నది నువ్వొక్కదానివి.

నీ అమ్మ

తా.క.: నొక్కితే ఆగేవి కాకుండా, నొక్కుదామని మనసులో అనుకోగానే ఆగేవి ఉన్నాయేమో కనుక్కోమని మేస్త్రికి చెప్పాను. "చూద్దాం" అన్నాడు.

*

అమ్మకి,

నేను నిజంగానే బాగున్నాను. ఒట్టు.

మేస్త్రి చెప్పింది నిజం, నువ్వు చెప్పిందీ నిజం. బ్రేకులు మార్చాల్సిందే. అన్నయ్య ఇంజను మీదే ప్రాణం పెట్టి, ఆపే సంగతి తర్వాత చూద్దామనుకున్నాడు. ఇప్పుడు అది మన పని. బస్సు ఆగిపోతే నేను కొండ మీద క్వార్టర్సులో ఇరుక్కుపోతాను. కారుంటే ప్రతి సెలవుకీ ఇంటికి రావచ్చు. వానల్లోపు అయిపోవాలి.

ఇదే కారు పెద్ద ఇంజనుతో కూడా వచ్చేది. దాని ముందు బ్రేకులు మన కారుకి సరిపోతాయి. చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్లెం ఉంటుంది చూడు, డిస్కు, అది మనదానికన్నా పెద్దది. దాన్ని రెండు పక్కలా నొక్కిపట్టేది కాలిపర్, అదీ లావుదే. చిక్కల్లా ఆ లావు కాలిపర్ మన చక్రం లోపల పడుతుందా లేదా అన్నదే. ఆ బ్రేకులు అమ్మేవాళ్లు దాని ఆకారం అసలు సైజులో అచ్చు వేసి ఇస్తారు. ఆ కాగితం దీంతో పెడుతున్నాను. అట్ట మీద అంటించి కత్తిరించు. మేస్త్రి దాన్ని చక్రం లోపల పెట్టి తిప్పి చూస్తాడు. తగలకపోతే సరిపోయినట్టే.

కత్తిరించే పని నీకే ఎందుకు అంటే, మేస్త్రి కత్తెర పట్టుకోవడం చూశాను. తిన్నగా కత్తిరించడంలో నిన్ను మించినవాళ్లు లేరు.

నీ పిచ్చుక

తా.క.: అనుకోగానే ఆగే బ్రేకులు ఇంకా రాలేదు. వస్తే మొదటి జత నీ నోటికి పెట్టిస్తాను.

*

పిచ్చుకా,

నా నోటికి బ్రేకులు పెట్టిస్తావా? పెట్టించు. తర్వాత ఇంట్లో ఉన్నంతసేపూ గోడలతో మాట్లాడుకుందువుగాని.

నువ్వు పంపిన కాగితం వచ్చింది. యూనిఫారాల డబ్బాలో మంచి గట్టి అట్ట ఉంటే దానిమీద అంటించి కత్తిరించాను. ఎంత బాగా వచ్చిందంటే, మేడ మీద పిన్ని చూసి "ఎవరి కాలర్ అక్కా?" అని అడిగింది. ఆవిడ తెలుసుగా, కాన్పుల ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరై మన మేడ మీద అద్దెకి దిగింది. కారుదంటే నమ్మలేదు.

మేస్త్రి చక్రం విప్పి అట్ట లోపల పెట్టి తిప్పాడు. తగిలింది. ఇంకో చక్రంలో పెట్టాడు, అక్కడా తగిలింది. తల గోక్కుని "చక్రాలే పెద్దవి వేయాలి" అన్నాడు. సరే అలాగే వేయమన్నాను. పాత చక్రాలు నాలుగూ విప్పించి గోడకి ఆనించాను. కారు ఇప్పుడు ఇనప స్టాండ్ల మీద ఉంది. లంగోటీ విప్పి పీట మీద కూర్చోబెట్టిన పిల్లాడిలా ఉంది పాపం, సిగ్గేసి దుప్పటి కప్పాను.

పెద్ద చక్రాలు వెతకాలట, దొరకాలట, టైం పడుతుందట. నువ్వు తొందరపడకు. అయ్యేది ఎలాగూ అవుతుంది.

నీ అమ్మ

తా.క.: నువ్విచ్చిన గీత మీదే కత్తిరించలేదు. చుట్టూ వేలెడు కుట్టుకి వదిలాను. ఇప్పుడు అక్కర్లేదనిపిస్తుంది గానీ తర్వాత నువ్వే దండం పెడతావు.

*

అమ్మా!

ఇనుముకి కుట్టు వదలడమేంటమ్మా!

అది యూనిఫారం కాదు. వచ్చే ఏడాదికి ఎదగదు. వేలెడు కాదు, గోరంత ఎక్కువైనా చక్రానికి తగులుతుంది, తగిలింది కూడా. మేస్త్రి చూసుకోలేదా? ఆయనకి నువ్వంటే భయం అనుకుంటాను.

ఆ వదిలిన వేలెడూ తీసేసి, గీత మీద, సరిగ్గా గీత మీద కత్తిరించి మళ్లీ పెట్టించు. కచ్చితంగా పడుతుంది. పెద్ద చక్రాల వెతుకులాట ఆపెయ్. కారుకి దుప్పటి తీసెయ్.

పడ్డాక చేయాల్సింది మేస్త్రికి చదివి వినిపించు. ముందు రెండు చక్రాలకీ కొత్త పెద్ద బ్రేకులు. వెనక పాత చిన్నవే ఉంచాలి, డిస్కుని పట్టే ప్యాడ్లు మాత్రం కొత్తవి వేస్తే చాలు. పాత రబ్బరు గొట్టాలు ఉబ్బుతాయి, వాటి బదులు మీద ఇనప అల్లిక ఉన్నవి వేయాలి. బ్రేకు నూనె మొత్తం కొత్తది పోయాలి. చివర గొట్టాల్లో ఎయిర్ తీయాలి. దానికి ఇద్దరుండాలి, ఒకరు పెడల్ తొక్కడానికి, ఒకరు కింద మర తిప్పడానికి.

ఇక్కడ మబ్బులు పడుతున్నాయమ్మా. కాస్త తొందరగా.

నీ పిచ్చుక

తా.క.: కుట్టు వదిలిన సంగతి మా పెద్ద సారుకి చెప్తే కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. నవ్వడం అయ్యాక పక్కకి తిరిగి తన ప్యాంటు నడుం దగ్గర లోపల గుడ్డ ఏమైనా మిగిలిందేమో తడుముకున్నాడు.

*

పిచ్చుకా,

మీ సారుని ప్యాంటు పంపమను. గుడ్డ ఉంటే వదులు చేస్తాను. లేకపోతే దాన్ని కుట్టినవాడికి నాలుగు చీవాట్లు రాసి పంపుతాను. నేను కుట్టినదేదీ ఇంతవరకూ పిగలలేదు. ఎందుకు పిగలలేదో ఇప్పుడైనా తెలిసిందా?

నువ్వన్నట్టే గీత మీద కత్తిరించాను. చెయ్యి రాలేదు గానీ కత్తిరించాను. పడింది. మేస్త్రి చక్రం తిప్పి, మళ్లీ తిప్పి, "పడింది" అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం వీధి మొత్తానికి అదే మొదలు.

బ్రేకులు వచ్చాయి. ఎర్ర రంగువి, చేటంతేసి పళ్లేలు. ముందు రెండిటికీ బిగించాడు. వెనక్కి వచ్చి పాత చిన్నవాటినే తుడిచి పెడుతున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"అదేంటి నాయనా, ముందువాటికి అంతంతవి పెట్టి వెనకవాటికి ఇవా?"

"అమ్మా, వెనక అంత అక్కర్లేదు."

"నీకు పిల్లలెందరు?"

"ఒక్కడు."

"అందుకే నీకు తెలీదు. వెనక పుట్టినంత మాత్రాన చిన్నది పెడతారా? నేను ఇద్దరిని పెంచాను. పెద్దోడికి కొత్త చొక్కా కుడితే, చిన్నదాని పాత గౌను అంచులోనైనా కొత్త గుడ్డ పడాల్సిందే. ముందు చక్రాలకో న్యాయం, వెనక చక్రాలకో న్యాయం నా ఇంట్లో కుదరదు" అన్నాను.

ఆయన "చూద్దాం" అన్నాడు. వెనక కూడా అలాంటివే తెప్పించి బిగించాడు. ఇప్పుడు నాలుగు చక్రాలూ చూడముచ్చటగా ఒక్కలాగే ఉన్నాయి.

ఎయిర్ తీయడానికి నన్నే కూర్చోమన్నాడు. ఆ సీటు మీ అన్నయ్య కాళ్లకి సరిపోయేట్టు ఎక్కడో వెనక ఉంది, నా కాలు అందలేదు. ముందుకి జరుపుతానంటే వద్దన్నాను. నడుం వెనక దిండ్లు పెట్టుకున్నాను, ఇంట్లో ఉన్నవన్నీ. మేస్త్రి కింద నుంచి అరుస్తున్నాడు: "నొక్కండమ్మా! ఇంకా! పట్టుకోండి, వదలకండి! వస్తోంది, వస్తోంది! ఆఁ, వచ్చేసింది! కాస్త ఊపిరి తీసుకోండి, మళ్లీ నొక్కుదాం!" నేనేమో లోపల మూలుగుతున్నాను. మేడ మీద పిన్ని ఆ అరుపులు విని వేడినీళ్లు, తువ్వాలు, కత్తెర పట్టుకుని మెట్లు దూకుతూ వచ్చింది. షెడ్డులో నన్ను చూసి, "అక్కా, ఈ వయసులోనా!" అంది.

నూనె కాలువ కట్టింది, గాలి పోయింది. "మీ కాలు ఎంత నొక్కమంటే అంతే నొక్కుతుందమ్మా" అన్నాడు మేస్త్రి. జన్మంతా మిషను తొక్కిన కాలు మరి.

నీ అమ్మ

తా.క.: పొద్దున్నపూట మిషను ఎక్కడం మానేశాను. మోకాళ్లు. నువ్వేం కంగారుపడకు, పిన్ని ఏదైనా రాస్తే నమ్మకు.

*

అమ్మకి,

ఈ ఉత్తరం అందగానే మేస్త్రిని పిలిచి వెనక బ్రేకులు విప్పించు. అందాకా కారు కదలకూడదు. చక్రం ఒక్క చుట్టు కూడా తిరగకూడదు.

కారు ఆపేటప్పుడు దాని బరువంతా ముందుకి ఒరుగుతుంది. నువ్వు బస్సులో బ్రేకు పడగానే ముందుకి తూలవూ, అలాగే. అప్పుడు వెనక చక్రాలు తేలికైపోతాయి. తేలికైన చక్రాన్ని గట్టిగా పట్టేస్తే అది తిరగడం మానేసి జారుతుంది, కారు బొంగరంలా గిర్రున తిరుగుతుంది. కొండ మలుపులో గిర్రున తిరిగితే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు. ముందువాటికి పెద్ద బ్రేకులు పెట్టేది ప్రేమ ఎక్కువై కాదమ్మా, మోత ఎక్కువై. ముందున్నవాడే బరువు మోస్తాడు.

ఇంకో మాట. కోపంతో రాస్తున్నాను, తప్పయితే తప్పే.

మొదట కుట్టు వదిలావు. తర్వాత పెద్ద చక్రాలు వేయమన్నావు. తర్వాత వెనకవాటికి అన్యాయం అన్నావు. మేస్త్రి వద్దన్నా నువ్వు వినలేదు. ప్రతి ఉత్తరంలో తొందరపడకు అంటావు. అన్నయ్య కారు నాకివ్వడం నీకిష్టం లేదని ముందే అనుంటే సరిపోయేది కదా. వాడి వస్తువు మీద నాకు హక్కు లేదనుకుంటే ఉంచుకో. దుప్పటి కప్పుకో. వానలన్నాళ్లూ ఇక్కడే ఉంటానని క్వార్టర్సుకి పేరు ఇచ్చేస్తున్నాను. వానలు తగ్గాక, దారి తెరిచాక, వీలైతే వస్తాను. వాడు పోయింది నీకొక్కదానికే కాదు.

పిచ్చుక

తా.క.: మోకాళ్లకి ఏమైంది? డాక్టరుకి చూపించావా? కోపం కోపమే, మోకాళ్లు మోకాళ్లే. వెంటనే రాయి.

*

పిచ్చుకా,

నీ ఉత్తరం చదివి మిషను కింద పెట్టాను. మళ్లీ తీసి చదివాను. మళ్లీ పెట్టాను. సాయంత్రం పిన్ని వచ్చి గట్టిగా చదివి వినిపించింది. నీ గొంతుతో తిట్టినట్టే చదివింది మహాతల్లి, ఒక్క మాట మింగలేదు.

వెనకవి విప్పించాను. మళ్లీ పాత చిన్నవే వేశాడు. బిగించి లేస్తూ "హమ్మయ్య" అన్నాడు. నేను వెళ్లిపోయాక తనే గుట్టుగా మార్చేద్దామనుకున్నాడట, భయపడి ఆగాడట. నాకు భయపడితే ఎలా నాయనా అంటే, "మీరు కత్తెర పట్టుకుని నిలబడతారమ్మా" అన్నాడు.

ముందున్నవాడే బరువు మోస్తాడని నాకు కారు చూపించి చెప్పక్కర్లేదే. మీ నాన్న పోయిన రోజు నుంచి చూశాను. మీ అన్నయ్య మోస్తుంటే మనిద్దరం వెనక హాయిగా కూర్చున్నాం. గుండె అరిగిందని వాడు చెప్పలేదు, మనం అడగలేదు. అందుకే వెనకవాటికి కూడా పెట్టమన్నాను. ఈసారి ఒక్కరి మీదే పడకూడదనుకున్నాను. కారు సంగతి వేరని నాకేం తెలుసు.

నీకివ్వడం ఇష్టం లేక కాదు. పిన్ని నీ పాత ఉత్తరాలు కూడా తీసి చదువుతుంటే తెలిసింది, ప్రతి సెలవుకీ ఇంటికి రావడానికే కారు అడిగావని రెండో ఉత్తరంలోనే రాశావట. నేను బ్రేకుల దగ్గరే ఆగిపోయి అది చదవలేదు. కారు చేతికొస్తే ఇంకా దూరం పోతావనుకున్నాను. వాడు అలాగే పోయేవాడుగా, షికారుకని.

ఇంకోటి ఉంది. చెప్తే నవ్వుతావు. ఆ సీటు. వాడు ఆఖరిసారి దిగినప్పుడు ఎంత వెనక్కి ఉందో ఇప్పటికీ అంతే వెనక్కి ఉంది. నువ్వు పొట్టిదానివి. ఎక్కగానే ముందుకి లాగుతావు. ఒక్క లాగుతో అయిపోతుంది. ఆ లాగడం ఒక్కటే నాకు కష్టంగా ఉంది. కారు తీసుకో, బ్రేకులు తీసుకో, అన్నీ నీవే. క్వార్టర్సుకి మాత్రం పేరు ఇవ్వకు.

నిన్న కారు బయటికి తీశాం. కొత్త ప్యాడ్లని మచ్చిక చేయాలట. మూతపడిన మిల్లు వెనక ఎవరూ తిరగని రోడ్డు ఉందిగా, అక్కడికి వెళ్లాం. బాగా వేగంగా పోవాలి, గట్టిగా నొక్కాలి, ఆగిపోయేలోపు వదిలేసి మళ్లీ పరిగెత్తాలి. అలా చాలాసార్లు. ఎట్టి పరిస్థితిలోనూ పూర్తిగా ఆగకూడదు, ఆగితే వేడి ప్యాడు డిస్కుకి అంటుకుని పాడవుతుందట. ఇంతలో ఒక కానిస్టేబులు చెయ్యెత్తాడు. ఆగితే ఎలా? కిటికీలోంచి "ఆగకూడదు నాయనా!" అని అరిచి వెళ్లిపోయాం. తిరిగొచ్చేటప్పుడు మళ్లీ ఎత్తాడు. "ఇంకా మచ్చిక అవలేదు!" అని చెప్పాం. ఆ తర్వాత చెయ్యి ఎత్తడం మానేసి టోపీ తీసి పక్కన కూర్చున్నాడు.

నీ అమ్మ

తా.క.: మోకాళ్లకి ఏం లేదు. ఉన్నాయి, రెండే.

*

అమ్మకి,

నేను నవ్వలేదు. సొరంగం బయట రాయి మీద కూర్చుని చదివాను. పెద్ద సారు వచ్చి "ఇంట్లో అందరూ బాగేనా?" అని అడిగితే, "సీటు వెనక్కుందండీ" అన్నాను. ఆయనకి ఏం అర్థమైందో గానీ ఆ పూట సెలవిచ్చాడు.

నేనలా రాయకుండా ఉండాల్సింది. క్వార్టర్సుకి పేరు ఇవ్వలేదు. ఇచ్చేస్తున్నానని నిన్ను బెదిరించానంతే.

ఈ సెలవుకి పొద్దున్నే సరుకుల లారీలో దిగి వస్తున్నాను. కారు నేను తీసుకుంటాను. సీటు జరపను. నువ్వు పెట్టుకున్నట్టే దిండ్లు పెట్టుకుని నడుపుతాను. దారిలో ఎవరైనా నవ్వితే నవ్వనీ. ఇంట్లోనే ఉండు, ఎక్కడికీ వెళ్లకు.

నీ పిచ్చుక

తా.క.: ఆ కానిస్టేబులుకి ఒక చొక్కా కుట్టిపెట్టు. నడుం దగ్గర బాగా వదులు.

*

పిచ్చుకా,

ఈ కాగితం మీ సొరంగం గేటు దగ్గర, కాపలా అతని గదిలో, అతని కుర్చీలో కూర్చుని రాస్తున్నాను. పెన్ను కూడా అతనిదే. నువ్వు ఇంట్లోనే ఉండమన్న ఉత్తరం నాకు నిన్న అందింది, కానీ అప్పటికే నేను బయల్దేరాలని అనుకోవడం అయిపోయింది. అనుకోగానే ఆగే బ్రేకులు నాకు కూడా ఇంకా రాలేదు.

మోకాళ్లు అని రాశాను కదా. డ్రైవింగు స్కూలు. ఎయిర్ తీసిన రోజే మేస్త్రి అన్నాడు, "ఈ కాలికి మిషను ఒక్కటే సరిపోదమ్మా" అని. పొద్దున్నే వెళ్లి, బట్టలు కుట్టించుకునేవాళ్లు వచ్చేలోపు తిరిగొచ్చేదాన్ని. నేర్పే ఆయన మొదటి రోజు తలుపు పట్టుకుని కూర్చున్నాడు, ఆఖరి రోజు నిద్రపోయాడు. లైసెన్సు వచ్చింది. ఫొటోలో ఎవరి కారో ఎత్తుకొచ్చిన దానిలా ఉన్నాను. మిల్లు రోడ్డు మీద మచ్చిక చేసిన రోజున దిండ్లు పెట్టుకుని నడిపింది ఎవరో నేను రాయలేదు, కావాలంటే ఆ ఉత్తరం తీసి చూసుకో. కానిస్టేబులు టోపీ తీసింది నన్ను చూసే.

సీటు సంగతి. దిండ్లు పెట్టుకుని కొండ దిగుతావా? బ్రేకులు మార్చింది ఎందుకే మరి, దిండు జారి కాలు అందకపోవడానికా? అది చదివాకే షెడ్డులోకి వెళ్లాను. వాడి సీటు ఎక్కడుండేదో కింద పట్టాల మీద నా సుద్దతో గీత గీశాను. తర్వాత కళ్లు మూసుకుని లాగాను. ఎంత సులువుగా జరిగిందో! వాడు ఎప్పుడో దానికి నూనె రాసి పెట్టుకున్నట్టున్నాడు. కాసేపు అలాగే కూర్చున్నాను. కాలు అందింది. ఇంక కూర్చుని ఏం చేస్తాను, స్టార్టు చేశాను.

మేస్త్రి నా పక్కన కూర్చుని వచ్చాడు. దారి పొడుగునా తన వైపు లేని బ్రేకుని కాలితో నొక్కుతూనే ఉన్నాడు. ఎక్కడానికి బాగుంది, దొంగలా ఎక్కేసింది. మధ్యలో మలుపు దగ్గర ఎదురుగా లారీ వచ్చింది. ఆపాను. ఎక్కడ ఆపాలనుకున్నానో అక్కడే ఆగింది, కుట్టు మలుపు దగ్గర సూది ఆగినట్టు. లారీకి నేనే దారిచ్చాను. డ్రైవరు పక్కన ఒక పిల్ల నోరు తెరుచుకుని నిద్రపోతోంది. "మేస్త్రీ, అది మా పిచ్చుకలా లేదూ?" అన్నాను. "చూద్దాం" అన్నాడు. చూద్దామనుకునేలోపు లారీ దాటిపోయింది. హారను మోగించాను, నువ్వు లేవలేదు. వెనక్కి తిప్పుదామంటే గేటు దాకా చోటు లేదు.

ఈపాటికి ఇంటికి చేరి తాళం చూసుంటావు. కంగారుపడకు. మేడ మీద పిన్నికి అన్నీ చెప్పి వచ్చాను. నేను చేరేలోపే నువ్వు దిగొచ్చేస్తే అదే లారీలో తిరిగి పంపమన్నాను. లారీ సాయంత్రానికి వచ్చేస్తుందని ఇక్కడ కాపలా అతను చెప్పాడు. మా ఇద్దరినీ లోపలికి మాత్రం రానివ్వలేదు. "ఎవరి కోసం?" అన్నాడు. నీ కోసమంటే, "కారు ఇవ్వడానికా?" అన్నాడు.

కాదు. అదే నీకు చెప్పాలి. కారు నీకివ్వను. నువ్వు నిద్ర మొహంది, లారీలో చూశాను కదా. ప్రతి సెలవుకీ నేనే వచ్చి నిన్ను తీసుకెళ్తాను, నేనే తెచ్చి దింపుతాను. వానలు పడితే మెల్లగా వస్తాను, ఆగుతూ వస్తాను. బస్సు ఆపుకుంటే ఆపుకోమను. నువ్వు నడుపుతానంటే తిన్నని రోడ్డు మీద ఇస్తాను, అదీ నేను పక్కన కూర్చుంటే. ఇద్దరం ముందు సీట్లలోనే కూర్చుందాం. వెనక్కి ఎవరూ వద్దు.

పొద్దున్నుంచి స్టీరింగు పట్టుకుని భుజాలు లాగుతున్నాయి, కళ్లు మూతలు పడుతున్నాయి. నువ్వొచ్చేసరికి మెలకువగా ఉండనేమోనని ఇదంతా రాసిపెడుతున్నాను. లారీ దిగగానే నీ చేతికివ్వమని కాపలా అతనికి చెప్పాను. మేస్త్రి ఆ రాయి మీద కూర్చుని కొండని చూస్తున్నాడు, పలకరించు.

నీ అమ్మ

తా.క.: నేను కారులో వెనక సీట్లో కాళ్లు ముడుచుకుని పడుకుని ఉంటాను. లేపకు. ముందు సీట్లో మూతకి గుడ్డ కట్టిన డబ్బా ఉంది. చేతులు కడుక్కుని, నిలబడి కాకుండా కూర్చుని, కడుపు నిండా తిను.